40 ఏళ్లు సెనేటర్‌గా ఉన్న టెడ్ స్టీవెన్స్ వల్ల అలాస్కాకి ఏం ఒరిగింది? తెలిసినవాళ్లు చెప్పండి

చలిదేశం:
అందరికీ నమస్తే. నేను యాంకరేజ్ వచ్చి ఆరేళ్లవుతోంది. దిగిన రోజే విమానాశ్రయం మీద టెడ్ స్టీవెన్స్ అనే పేరు చూశాను, ఎవరో పాత గవర్నరై ఉంటాడులే అనుకుని వదిలేశాను. తర్వాత ఇక్కడ ఎవరితో మాట్లాడినా, పైప్‌లైన్ గురించి కానీ చేపల గురించి కానీ మారుమూల పల్లెల్లో క్లినిక్ గురించి కానీ, ఎక్కడో ఒకచోట ఆయన ప్రస్తావన వచ్చి తీరుతోంది. పెద్దవాళ్లు 'అంకుల్ టెడ్' అంటారు, మనం ఊళ్లో పెద్దాయన్ని బాబాయ్ అన్నట్టు. 1968 డిసెంబర్‌లో బార్ట్‌లెట్ అనే సెనేటర్ చనిపోతే ఆ సీట్లో గవర్నర్ ఈయన్ని నియమించాడు, ఇక 2009 జనవరి దాకా అక్కడే ఉన్నాడు. బతికుండగానే 2000లో విమానాశ్రయానికి పేరు పెట్టేశారు.

ఇక్కడివాళ్లలో ఆయన్ని దేవుడిలా చూసేవాళ్లున్నారు, ఆయన వల్లే మేం ఎప్పుడూ వాషింగ్టన్ వైపు చేయి చాపేవాళ్లమయ్యాం అనేవాళ్లూ ఉన్నారు. ఒక్క మనిషి అంతకాలం ఒక ప్రాంతం నేల, ముడినూనె, సముద్రం గురించి నిర్ణయిస్తే మంచిదేనా? ఆయన పోయాక ఏం నిలిచింది, ఏం పోయింది? ఇది నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది. రాజకీయ పార్టీల గొడవ వద్దు, దయచేసి.

రాజ్యసభ_గ్యాలరీ:
మంచి ప్రశ్న. అయితే ముందు అమెరికా పార్లమెంటులో ఎగువ సభ అయిన సెనేట్ సంగతి చెప్పుకోకపోతే మిగతాది అర్థం కాదు. మన రాజ్యసభలో సీట్లు జనాభాని బట్టి ఉంటాయి, ఆంధ్రప్రదేశ్‌కి 11, తెలంగాణకి 7, సిక్కింకి 1. అక్కడ అలా కాదు. నాలుగు కోట్లకు దగ్గరగా జనం ఉన్న కాలిఫోర్నియాకీ ఇద్దరే, ఏడు లక్షల చిల్లర ఉన్న అలాస్కాకీ ఇద్దరే. పైగా ద్రవ్య బిల్లు విషయంలో రాజ్యసభ చేయగలిగింది 14 రోజుల్లో సిఫార్సులు చేసి తిప్పి పంపడం వరకే, సెనేట్ అయితే ఖర్చుల బిల్లుని ఆపగలదు, మార్చగలదు. ఆ బిల్లు రాసేది అప్రోప్రియేషన్స్ కమిటీ. అందులో ఎక్కువ కాలం ఉన్నవాడికి ఎక్కువ బలం. స్టీవెన్స్ దశాబ్దాల పాటు ఆ కమిటీలో ఉండి, 1997 నుంచి 2005 మధ్యలో ఆరేళ్లు దాటి దానికి ఛైర్మన్‌గా చేశాడు. చిన్న రాష్ట్రం ఓటరు అందుకే ప్రతిసారీ అదే మనిషిని పంపుతాడు. కొత్తవాణ్ణి పంపితే వరుసలో చివర నిలబడాలి కదా. ఓటరుది అమాయకత్వం అని నేననుకోను, ఆ పద్ధతిలో అది తెలివైన పనే.

బొగ్గుబావి:
మాది గోదావరిఖని. చలిదేశం అన్నా, ఒక సంగతి అడుగుతా. మా బంధువుల అబ్బాయి ఫెయిర్‌బ్యాంక్స్‌లో చదివాడు, అక్కడ చిన్నపిల్లలతో సహా ప్రతి మనిషికీ ఏటా ఆయిల్ డబ్బు చెక్కు వస్తుందని చెప్పాడు. అది కూడా ఈయన పెట్టిందేనా? అదే నిజమైతే నా దృష్టిలో ఇంకేం చర్చ అక్కర్లేదు. మా సింగరేణిలో నూరేళ్లకు పైగా బొగ్గు తీస్తున్నారు, మా తాత, మా నాన్న ఇద్దరూ గనిలోకి దిగినవాళ్లే, నేల అడుగున ఉన్నదాంట్లో మీకూ వాటా ఉందని ఇంటికి చెక్కు పంపిన రోజు మేం చూడలేదు. డిస్ట్రిక్ట్ మినరల్ ఫౌండేషన్ నిధులు 2015 తర్వాత వచ్చాయి, కాదనను, కానీ అది పనులకు వెళ్లే డబ్బు, మనిషి చేతికి వచ్చేది కాదు.

చలిదేశం:
లేదన్నా, అది ఆయనది కాదు. ఇక్కడ కూడా చాలామంది కలిపేస్తారు. ఆ చెక్కు పర్మనెంట్ ఫండ్ నుంచి వస్తుంది. 1976లో రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి, ఆయిల్ రాయల్టీలో కనీసం 25 శాతం అందులో వేయాలని ప్రజలే ఓటేసి పెట్టుకున్నారు. అప్పటి గవర్నర్ జే హామండ్ దాని వెనక ఉన్నాడు. మొదటి చెక్కు 1982లో 1,000 డాలర్లు, 2022లో 3,284 డాలర్లు. రాష్ట్రం చేసుకున్న ఏర్పాటు అది. కానీ ఆ ఫండ్‌లోకి డబ్బు రావాలంటే ముందు ఆయిల్ సముద్రం దాకా రావాలి, ఆ దారి వేయించిన వాళ్లలో స్టీవెన్స్ ఒకడు.

రాజ్యసభ_గ్యాలరీ:
ఆ దారి కథ చెప్తాను, ఇందులో నాకు బాగా ఇష్టమైన భాగం అదే. 1968లో ఉత్తర కొనన ప్రూడో బేలో నూనె బయటపడింది. అక్కడ సముద్రం ఏడాదిలో ఎక్కువ భాగం గడ్డకట్టి ఉంటుంది, ఓడలు రావు. అందుకని దక్షిణాన మంచు పట్టని వాల్డీజ్ రేవు దాకా 800 మైళ్ల పైపు వేయాలి. పర్యావరణ సంఘాలు కోర్టుకెళ్లాయి, గిరిజనులు ఆ నేల మాది అన్నారు, ఏళ్ల తరబడి పైపులు యార్డుల్లోనే పడి ఉన్నాయి. 1973 జూలైలో సెనేట్‌లో ఒక సవరణ మీద ఓటింగ్ జరిగింది, పర్యావరణ సమీక్ష అయిపోయినట్టే లెక్క, ఇక దాని మీద కోర్టులకు వెళ్లడానికి లేదు అనే సవరణ అది. 49కి 49 వచ్చాయి. ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ తన ఓటుతో గెలిపించాడు. ఆ సవరణ అలాస్కా రెండో సెనేటర్ మైక్ గ్రావెల్ పేరు మీద ఉంది, అందుకే ఘనత ఎవరిది అని ఇద్దరి అభిమానులూ ఇప్పటికీ వాదించుకుంటారు. అక్టోబర్‌లో అరబ్ దేశాలు ఆయిల్ ఆపేసరికి ఎదిరించేవాళ్లు కూడా తగ్గారు, నవంబర్‌లో నిక్సన్ సంతకం పెట్టాడు. 1977 వేసవిలో నూనె పారింది. 1988లో రోజుకి 20 లక్షల బ్యారెళ్లు, ఇప్పుడు 5 లక్షలకన్నా తక్కువ.

ఒక ప్రాంతం భవిష్యత్తు ఒక్క ఓటు మీద తేలిన సందర్భం ఇది. కానీ కోర్టు తలుపు మూసేసి గెలవడం నాకు మింగుడుపడదు. 1989లో ఎక్సాన్ వాల్డీజ్ ఓడ రాళ్లకు కొట్టుకుని కోటీ పది లక్షల గ్యాలన్ల నూనె సముద్రంలో కలిసింది. ఆ ఓడ నిండింది ఈ పైపు చివరనే.

పోడుభూమి:
పైన 'గిరిజనులు ఆ నేల మాది అన్నారు' అని ఒక్క ముక్కలో తేల్చేశారు, అసలు విషయం అక్కడే ఉంది. మాది భద్రాచలం వైపు, ఈ మాట దగ్గర నేను ఆగకుండా ఉండలేను.

1971 చట్టం, అలాస్కా నేటివ్ క్లెయిమ్స్ సెటిల్‌మెంట్ యాక్ట్. దాని తయారీలో స్టీవెన్స్ మొదటి నుంచీ ఉన్నాడు. ఆ చట్టం ఇచ్చింది 4.4 కోట్ల ఎకరాలు, 96 కోట్ల 25 లక్షల డాలర్లు. వినడానికి ఎంతో పెద్దది. బదులుగా మిగతా అలాస్కా అంతటి మీదా వాళ్ల అనాది హక్కు పోయింది, వేట హక్కు, చేపల హక్కుతో సహా. ఇచ్చిన నేల కూడా తెగలకు ఇవ్వలేదు, 12 ప్రాంతీయ కార్పొరేషన్లు, 200 దాకా గ్రామ కార్పొరేషన్లు, అంటే కంపెనీలు, పెట్టించి వాటికి ఇచ్చారు. మనిషి వాటాదారు అయ్యాడు. 1971 డిసెంబర్ 18 తర్వాత పుట్టిన బిడ్డకి షేర్లే లేవు, 1987లో సవరణ వచ్చాక కొన్ని కార్పొరేషన్లు ఓటేసుకుని చేర్చుకున్నాయి, కొన్ని చేర్చుకోలేదు. ఒకే ఇంట్లో అన్నకి వాటా ఉంటుంది, చెల్లికి ఉండదు. ఊహించుకోండి.

మన దగ్గర 1/70 చట్టం ఉంది, గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదని. 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు వచ్చింది, ప్రభుత్వం కూడా ప్రైవేటు కంపెనీకి గని లీజు ఇవ్వకూడదని. అమలు ఎంత కష్టమో మాకు తెలుసు, అయినా చట్టం మాట భూమి పోకుండా కాపాడటం గురించి ఉంది. అక్కడి చట్టం భూమిని వ్యాపారంలోకి తెచ్చింది. పైప్‌లైన్ దారికి అడ్డం తొలగాలనే తొందర లేకపోతే ఆ పరిష్కారం అప్పుడు, ఆ రూపంలో వచ్చేది కాదని నా నమ్మకం.

చలిదేశం:
పోడుభూమి గారూ, మీరన్నది తీసిపారేయలేను. నా సహోద్యోగి ఒకావిడ బెతెల్ వైపు యూపిక్ తెగ కుటుంబం, వాళ్ల అమ్మకి షేర్లున్నాయి. ఆవిడ మాట రెండు వైపులా ఉంటుంది. కార్పొరేషన్ వల్ల స్కాలర్‌షిప్ వచ్చింది, చదివాను అంటుంది, మళ్లీ వెంటనే, మా తాతని ఎవరూ అడగలేదు అంటుంది. ఆ చట్టంలో ఒక మంచి నియమం కూడా ఉంది, ఒక ప్రాంతం గనులు, అడవుల మీద సంపాదించినదాంట్లో 70 శాతం మిగతా ప్రాంతీయ కార్పొరేషన్లతో పంచుకోవాలి. నూనె దొరకని ప్రాంతం ఎండిపోకుండా ఇది కాపాడింది.

ఆవిడ చెప్పిన ఇంకో విషయం, బైపాస్ మెయిల్. వాళ్ల ఊరికి రోడ్డు లేదు, అలాస్కాలో చాలా పల్లెలకు లేదు, అసలు రాజధాని జూనోకే బయటి నుంచి రోడ్డు లేదు. బియ్యం బస్తా, పాల డబ్బాలు, పిల్లల డైపర్లు అన్నీ విమానంలో రావాలి. స్టీవెన్స్ పట్టుబట్టి తెచ్చిన ఏర్పాటు ప్రకారం కొట్టు సరుకు పోస్టాఫీసులోకి వెళ్లకుండా నేరుగా విమానంలోకి ఎక్కుతుంది, కానీ పోస్టల్ పార్సిల్ రేటే పడుతుంది. మిగతా ఖర్చు తపాలా శాఖ భరిస్తుంది. అది లేకపోతే ధరలు ఎంత ఉండేవో అని ఆవిడ వాళ్ల ఊరి కొట్లో పాల డబ్బా ఫొటో తీసి చూపించింది, ఉన్న ధరకే నాకు గుండె ఆగినంత పనైంది. 1998లో డెనాలి కమిషన్ కూడా ఆయన పెట్టించిందే, పల్లెల్లో డీజిల్ ట్యాంకులు, కరెంటు ప్లాంట్లు, క్లినిక్‌లు దాని డబ్బుతో వచ్చాయి.

బొగ్గుబావి:
పాల డబ్బా గురించి చదివాక నాకు ఆయన మీద గౌరవం పెరిగింది, ఎవరేమన్నా సరే. ఎంత పెద్ద నాయకుడైనా కొట్లో సరుకు ధర దాకా ఆలోచించాడా లేదా అనేదే నేను చూస్తా.

తీరంగాలి:
ఇంతసేపు నూనె, నేల గురించే మాట్లాడారు, సముద్రాన్ని మర్చిపోయారు! నేను విశాఖలో ఫిషరీస్ చదువుకున్నాను, మా క్లాసులో అలాస్కా చేపల నిర్వహణ అంటే ఒక పాఠమే ఉండేది, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

1976కి ముందు అలాస్కా తీరానికి 12 మైళ్లు దాటితే చాలు జపాన్, సోవియట్ ట్రాలర్లు, అంటే వల లాగే పెద్ద ఓడలు, వచ్చి చేపల్ని లాగేసుకుపోయేవి. అలాస్కావాళ్లు గట్టు మీద నిలబడి ఆ ఓడల దీపాలు లెక్కపెట్టుకోవాల్సి వచ్చేది. స్టీవెన్స్ రిపబ్లికన్, వాషింగ్టన్ రాష్ట్రం సెనేటర్ వారెన్ మాగ్నసన్ డెమోక్రాట్, ఇద్దరూ కలిసి 200 నాటికల్ మైళ్ల వరకు చేపల మీద హక్కు తమ దేశానిదే అనే చట్టం తెచ్చారు. అదే ఏడాది, 1976లో, మన దేశం కూడా 200 మైళ్ల ప్రత్యేక ఆర్థిక మండలి చట్టం చేసింది, ప్రపంచమంతా అటే నడుస్తున్న కాలం అది.

తేడా ఎక్కడంటే, వాళ్లు గీత గీసి ఊరుకోలేదు. ఎనిమిది ప్రాంతీయ మండళ్లు పెట్టి, ఎంత పట్టాలి, ఎవరు పట్టాలి, ఎప్పుడు ఆపాలి అనేది వాటికి అప్పగించారు. అలాస్కా సముద్రాన్ని చూసే నార్త్ పసిఫిక్ మండలిలో ఓటున్నవాళ్లు 11 మంది, అందులో 6 అలాస్కావే. బేరింగ్ సముద్రంలో అడుగున తిరిగే చేపలన్నీ కలిపి ఏడాదికి 20 లక్షల టన్నులు దాటకూడదని ఒక గట్టి పరిమితి ఉంది. సైంటిస్టులు ఇంకా పట్టొచ్చు అని చెప్పిన ఏడాది కూడా అది దాటరు. పెద్ద ఓడల మీద లెక్క రాసే అబ్జర్వర్లు ఉంటారు. 2006లో ఈ చట్టాన్ని మళ్లీ సవరించినప్పుడు స్టీవెన్సే ముందుండి, దేశమంతటా ఏటా పట్టే పరిమితి తప్పనిసరి చేయించాడు. 1996 నుంచి ఆ చట్టానికి మాగ్నసన్ పేరు పక్కన ఆయన పేరు కూడా చేరింది.

ఇంకోటి, 1992లో మొదలైన కమ్యూనిటీ కోటా. బేరింగ్ తీరంలో ఉన్న పల్లెలకు, ఇప్పుడు 65, పోలాక్ చేపలో మొదట 7.5 శాతం, తర్వాత 10 శాతం రాసిచ్చేశారు. ఆ పల్లె సంఘాలు మొదట్లో కోటాని పెద్ద కంపెనీలకు అద్దెకిచ్చి, ఆ డబ్బుతో తర్వాత ఓడల్లోనే వాటాలు కొన్నాయి. మా భీమిలి, మంగమారిపేట వాళ్ల గురించి ఆలోచిస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. మనకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఒక్కటే పెద్ద నియమం. ఎన్ని టన్నులు పట్టొచ్చు అనే మొత్తం పరిమితి లేదు, తెప్ప మీద వెళ్లేవాడికి ఇంత వాటా అని రాసిచ్చిన కాగితమూ లేదు.

స్టీవెన్స్ చేసిన పనులన్నిటిలో నాకు ఇదే పెద్దది. ఎందుకంటే దీనికి ఏటా బిల్లులో డబ్బు రాయక్కర్లేదు. ఆయన ఓడిపోయినా, చనిపోయినా మండలి సమావేశం మాత్రం ఆగలేదు.

పోడుభూమి:
తీరంగాలి గారూ, బాగా రాశారు, చాలా నేర్చుకున్నా. కానీ యూకాన్ నది మీది పల్లెల మాటేమిటి? సాల్మన్ తగ్గిపోయి ఆ పల్లెల్ని ఇంటి తిండికి కూడా పట్టుకోనివ్వలేదని, అదే సమయంలో పోలాక్ ట్రాలర్ల వలల్లో సాల్మన్ పడుతూనే ఉందని చదివాను. 11 మందిలో 6 అలాస్కావాళ్లు అన్నారు, అందులో గిరిజనులకు రాసిపెట్టిన సీటు ఉందా?

తీరంగాలి:
రాసిపెట్టిన సీటు లేదండీ. అడుగుతున్నారు, చాలాకాలంగా. సాల్మన్ సంగతి కూడా మీరన్నది నిజమే. యూకాన్‌లో చినూక్, చమ్ అనే సాల్మన్ రకాలు రెండూ కూలిపోయాయి, 2024లో అమెరికా, కెనడా కలిసి చినూక్ వేట ఏడేళ్లు ఆపేశాయి. కారణం ట్రాలర్లు మాత్రమే కాదు, సముద్రం వేడెక్కడం పెద్ద కారణమని సైంటిస్టులు అంటున్నారు. 2022లో స్నో క్రాబ్ అనే పీతల సీజన్ మొదటిసారి పూర్తిగా రద్దయింది కూడా అందుకే. కానీ నది ఒడ్డు అమ్మమ్మకి సున్నా, ఓడకి ఎంతో కొంత అనుమతి అంటే ఎవరికైనా అన్యాయంగానే కనిపిస్తుంది. చట్టం రాసినప్పుడు పరాయి దేశపు ఓడని బయటికి పంపడమే లక్ష్యం. మన ఓడే మన పల్లెతో పోటీ పడితే ఏం చేయాలో అందులో సరిగ్గా రాలేదు. నేను మెచ్చుకున్న చట్టమే అయినా ఈ లోపం ఒప్పుకోవాలి.

ఓడప్రయాణం:
వంతెన గురించి ఎవరూ మాట్లాడలేదేం? నేను కెచికన్‌కి క్రూయిజ్‌లో వెళ్లాను. ఊరు ఒకవైపు, విమానాశ్రయం ఎదురుగా గ్రావినా ద్వీపం మీద, మధ్యలో ఫెర్రీ, ఐదారు నిమిషాల్లో దాటించేస్తుంది. ఆ ద్వీపం మీద ఉండేది 50 మంది. దానికి దాదాపు 40 కోట్ల డాలర్ల వంతెన! 2005 హైవే బిల్లులో 22 కోట్ల 30 లక్షలు రాయించారు. అదే ఏడాది కత్రినా తుఫానుకి న్యూ ఆర్లియన్స్ మునిగింది. ఆ డబ్బు అక్కడ కూలిన వంతెనకి ఇద్దామని ఓక్లహోమా సెనేటర్ కోబర్న్ సవరణ పెడితే, ఇది నెగ్గితే నేను రాజీనామా చేస్తానని స్టీవెన్స్ సభలో ఊగిపోయాడు. 82కి 15తో సవరణ ఓడిపోయింది. జనం ఇల్లూవాకిలీ పోగొట్టుకున్న సమయంలో అలా మాట్లాడటం నాకు ఇప్పటికీ నచ్చదు.

రాజ్యసభ_గ్యాలరీ:
నాకూ నచ్చదు. తర్వాత అమెరికా కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు, వంతెన పేరు తీసేసి డబ్బు మాత్రం అలాస్కాకే వదిలింది, 2007లో రాష్ట్రమే వంతెన వద్దనుకుంది. ఇలా బిల్లులో ఊరి పేరు, పని పేరు రాసి డబ్బు కేటాయించడాన్ని ఇయర్‌మార్క్ అంటారు. మన ఎంపీ లాడ్స్‌తో పోల్చకండి, మన దగ్గర అధికార పక్షం, ప్రతిపక్షం తేడా లేకుండా ఏ ఎంపీకైనా ఏడాదికి 5 కోట్లు. అక్కడ ఎవరి బలం ఎంతో వాళ్లకంత. ఈ వంతెన మీద దేశమంతా పుట్టిన కోపం కూడా ఒక కారణమై 2011లో ఇయర్‌మార్క్‌లు ఆపేశారు, పదేళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టారు. ఆ పదేళ్లూ దెబ్బ తిన్నది ఎవరు? క్లినిక్ కావాల్సిన పల్లెలు. ఒక్క వంతెన కోసం పట్టుబట్టి ఆయన తన రాష్ట్రానికే చేసిన నష్టం ఇది, నా లెక్కలో.

2005 డిసెంబర్‌లోనే ఆర్కిటిక్ వన్యప్రాణుల అభయారణ్యంలో నూనె తవ్వకాల అనుమతిని రక్షణ శాఖ బిల్లుకి అతికించి నెగ్గించుకోవాలని చూశాడు. 60 ఓట్లు కావాలి, 56 వచ్చాయి. పాతికేళ్లు దానికోసమే పోరాడాడు, తన కాలంలో చూడలేదు. 2017లో అలాస్కా సెనేటర్ ముర్కౌస్కీ హయాంలో అనుమతి వచ్చింది, తీరా 2021 జనవరిలో వేలం పెడితే పెద్ద ఆయిల్ కంపెనీలు రానే లేదు, ఎక్కువ లీజులు రాష్ట్ర ప్రభుత్వ సంస్థే కొనుక్కుంది.

బొగ్గుబావి:
మరి ఆయన మీద కేసు సంగతి? జైలుకెళ్లాడా?

చలిదేశం:
వెళ్లలేదన్నా. ఒక ఆయిల్ సర్వీసుల కంపెనీ ఆయన ఇంటికి చేయించిన మరమ్మతుల్ని బహుమతుల లెక్కలో చూపలేదని కేసు. 2008 అక్టోబర్ 27న ఏడు అభియోగాల్లోనూ దోషి అన్నారు, ఎనిమిది రోజుల్లో ఎన్నికలు. అయినా నాలుగు వేలకు లోపు ఓట్ల తేడాతోనే ఓడిపోయాడు. మరుసటి ఏప్రిల్‌లో, ప్రాసిక్యూటర్లు ఆయనకి అనుకూలమైన సాక్ష్యాన్ని దాచిపెట్టారని తేలి, ప్రభుత్వమే కేసు వద్దంది, జడ్జి తీర్పు కొట్టేశాడు. సీటు మాత్రం పోయింది. 2010 ఆగస్టులో డిల్లింగ్‌హామ్ దగ్గర విమానం కూలి చనిపోయాడు. 1978లో యాంకరేజ్‌లో ఇలాంటి ప్రమాదంలోనే ఆయన భార్య పోయింది, ఆయన బతికాడు. ఇది ఎప్పుడు తలుచుకున్నా నాకు మనసు బరువెక్కుతుంది. విమానాలే దారిగా ఉన్న నేల కోసం పనిచేసి, ఆ విమానంలోనే పోయాడు.

పోడుభూమి:
ఆ కేసులో ఆయనకి జరిగింది అన్యాయమే, అది వేరు. నా ప్రశ్న అలాగే ఉంది. 40 ఏళ్లు అంత బలం చేతిలో పెట్టుకున్నా, పైపు నీళ్లు లేక ఇంట్లో బకెట్టే మరుగుదొడ్డిగా వాడే పల్లెలు అలాస్కాలో ఇప్పటికీ ఉన్నాయి.

చలిదేశం:
ఉన్నాయండీ. మా సహోద్యోగి వాళ్ల పిన్ని ఇల్లు అలాంటిదే. నేల కింద ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటుంది, పైపు పాతితే పగులుతుంది, ఖర్చు విపరీతం, ఇవన్నీ నిజాలే. ఆవిడకి మాత్రం ఈ కారణాలు చెప్పలేను.

తీరంగాలి గారూ, ఆ మండలి సమావేశాలకి నాలాంటి వాళ్లు వెళ్లొచ్చా?

తీరంగాలి:
వెళ్లొచ్చు! ఎవరైనా వెళ్లొచ్చు, పేరు రాయించుకుంటే మాట్లాడనిస్తారు కూడా. డిసెంబర్ సమావేశం మీ యాంకరేజ్‌లోనే జరుగుతుంది, వచ్చే ఏడాది ఎంత పట్టాలో అప్పుడే తేలుస్తారు. నది పల్లెల నుంచి కూడా వస్తారు, వాళ్లు మాట్లాడేటప్పుడు తప్పకుండా వినండి. ఇంటర్నెట్‌లో కూడా ప్రసారం చేస్తారు, పోడుభూమి గారు అక్కడి నుంచే చూడొచ్చు.

చలిదేశం:
సెలవు పెట్టేస్తున్నాను. మా సహోద్యోగిని కూడా అడిగాను, వాళ్ల అమ్మని తీసుకొస్తానంది. డిసెంబర్‌లో ఇక్కడే రాస్తాను.